రిపోర్టు డాక్టరుగారు చెబుతారు

టీపాయ్ కింద నెలవంక రాలిపడి ఉంది. ఆకాశంలోది కాదు, ఆయనగారి ఎడమకాలి బొటనవేలిది. దాని చుట్టూ చిన్నవి నాలుగు చుక్కల్లా చెల్లాచెదురుగా ఉన్నాయి. పొద్దున పేపరు చదువుతూ గోళ్లు తీసుకున్నాడాయన. గోళ్లు తీయడం ఆయన పని, తీసిన గోళ్లు తీయడం ఆమె పని. పెళ్లైన ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో పని పంపకం ఇలాగే, ఏ గొడవా లేకుండా సాగుతోంది.

ఆమె మోకాళ్ల మీదికి వంగింది. మోకాళ్లు రెండూ తమకిష్టం లేదని పైకే చెప్పాయి. చీపురు తేవాల్సిన చేత్తో కెమెరా తెచ్చుకుంది. దాన్ని నేలకి ఆనించి, ఒక కన్ను మూసి, గోళ్లతో మర్యాదగా చెప్పింది: "కదలకండి. ఊపిరి తీసుకోండి. బిగబట్టండి." క్లిక్. "వదలండి." ఆ తర్వాత తడి కాగితంతో అన్నింటినీ ఒత్తి ఎత్తి, చెత్తబుట్టలో వేసి, చెయ్యి రెండుసార్లు కడుక్కుంది. వెనక రెండేళ్ల మనవరాలు బుగ్గలు బూరెల్లా పొంగించి నిలబడి, "వదలండి" అన్నాక ఉఫ్‌మని గాలి వదిలింది. ఆ పిల్లని ఇంట్లో పిడుగు అంటారు గానీ, నిజానికి ఆ ఇంట్లో నానమ్మ మాట వినేది ఆ పిడుగొక్కతే.

ముప్పై ఒక్క సంవత్సరాలు ఆమె ఒక పెద్దాసుపత్రిలో ఎక్స్‌రేలు తీసింది. డాక్టర్ల నుంచి ఆయాల దాకా అందరికీ ఎక్స్‌రే అమ్మే. పదవీ విరమణ రోజున తోటి టెక్నీషియన్లంతా కలిసి ఓ మంచి కెమెరా చేతిలో పెట్టి, ఇన్నాళ్లూ లోపలివి తీశారు, ఇకనైనా బయటివి తీయండమ్మా అన్నారు. ఆమె నిజంగానే రిటైరయ్యాననుకుంది. ఇంట్లోవాళ్లు మాత్రం పాత బండికి టైర్లు మార్చి మళ్లీ రోడ్డెక్కించారు. విరమణ శుక్రవారం, కోడలు తిరిగి ఆఫీసులో చేరింది సోమవారం. మధ్యలో శనాదివారాలు ఆమె విశ్రాంతి జీవితం. నువ్వెలాగూ ఖాళీయే కదమ్మా అన్నాడు కొడుకు. ఖాళీ అనే మాట ఆ ఇంట్లో కుర్చీకీ వాడతారు, గిన్నెకీ వాడతారు, అమ్మకీ వాడతారు. మూడింటినీ వెంటనే నింపేస్తారు.

కెమెరా మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పిల్ల ఫొటోలు తీస్తుందని. తీసింది కూడా. పిల్ల నవ్వితే తీసింది, ఏడిస్తే తీసింది, టోపీ పెట్టినా పీకేసినా తీసింది. వాటిని ఆయన బంధువులందరికీ పంపి, ఎవరైనా బాగున్నాయంటే, లైటింగ్ చూసుకుని తీయాలండీ, అదే కిటుకు, అని జవాబిచ్చేవాడు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఊళ్లో అందరి తూకాలూ సరిచూశాడు గానీ, ఇంట్లో ఒక్క బరువూ ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఆయన ఫోన్లో ఆమె తీసిన ఫొటోలు నాలుగొందలున్నాయి. ఆమె ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

గ్రంథాలయం మేడ మీద ఒక ఫొటో సంఘం ఉందని తెలిసి చేరింది. ఆదివారం పొద్దున్నే అందరూ కెమెరాలతో వీధుల్లోకి వెళ్తారు. మంచిదేనమ్మా, హాబీ ఉండాలి, పిల్లని కూడా తీసుకెళ్తే దానికీ గాలి తగులుతుంది అన్నాడు కొడుకు. తీసుకెళ్లింది. దుకాణాల తలుపులు ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి, వీధి తడుపుతున్న నీళ్ల మీద ఎండ అప్పుడే పడుతోంది. అలాంటి వెలుగు పది నిమిషాలుంటుంది. ఆ పది నిమిషాలూ పిడుగు ఆమె భుజం మీద నిద్రపోయింది. రెండు చేతులూ పిల్ల కిందే. ఫొటోలు తీస్తున్నవాళ్లలో ఒకాయన వచ్చి, మీరెలాగూ తీయట్లేదు కదండీ, కాస్త పట్టుకోండి అని తన సంచీ ఆమె మోచేతికి తగిలించాడు. అది చూసి ఇంకొకరు. ఆ పూట ఆమె ఒక పిల్లనీ మూడు సంచులనీ క్షేమంగా వెనక్కి తెచ్చింది. లెన్సు వాడలేదు, సైలెన్సే వాడింది.

సంఘం కార్యదర్శి ఒకప్పుడు ఉత్తరాలు పంచిన పోస్టువుమన్. ఆమె అన్నీ చూస్తూనే ఉంది. వచ్చే నెల మేడ మీద ప్రదర్శన, ఒక్కొక్కరూ ఒకే విషయం మీద పన్నెండు ఫొటోలు పెట్టాలి, కింద చీటీలు సొంత చేత్తో రాయాలి అని చెప్పి, ఎక్స్‌రే అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మీరు వీధిలోకి రాలేకపోతే రావద్దులెండి. రోజంతా మీ కళ్లముందు ఏముంటుందో అది తీయండి."

రోజంతా కళ్లముందు ఏముంటుంది? మొదటి వారం బాల్కనీలో పూలకుండీ తీసింది. రెండో వారం కిటికీ మీద వాన చుక్కలు. చూస్తే తనకే ఆవలింత వచ్చింది. మూడో వారం ఒక మధ్యాహ్నం పేపరు వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏమోయ్, పిల్ల ఏదో చేసినట్టుంది." ఆయనకు ఏదైనా ఏదోనే. పిల్ల చేసిన ఏదో, సింకులో పేరుకున్న ఏదో, పరుపు మీద ఒలికిన ఏదో. దానికి పేరు పెడితే ఎత్తాల్సి వస్తుందని భయం. పేపరు ముక్కు దాకా ఎత్తి, నాకు కడుపులో తిప్పుతుందని నీకు తెలుసుగా అన్నాడు. కొడుకూ అంతే. నాకు వాంతొస్తుందమ్మా, నీకు ఆసుపత్రిలో అలవాటేగా. పిల్లని కడుగుతూ ఆమె మొదటిసారి ఒక విషయం గమనించింది. ఈ ఇంట్లో అసహ్యమనేది ఒక హక్కు. కొందరికి మాత్రమే ఉంటుంది. చేసేవాళ్లకి ఉంటుంది, తీసేవాళ్లకి ఉండదు.

కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో మంచాన ఉన్న మామగారి ఉమ్మిగిన్నె కడుగుతూ ఒకసారి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసింది. "అసహ్యపడితే ఆడదానివెట్లా అవుతావే?" అంది. కోపంగా కూడా కాదు, వంట నేర్పుతున్నట్టు చెప్పింది. ఆ మాట ఆమె గొంతులో దిగి, అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రిలో బల్ల మీద నెత్తురు తుడిచినా, ఎవరో కక్కింది తుడిచినా, ఇంటికొచ్చి అందరివీ తుడిచినా ఆ మాట గొంతు దాటి ఒక్క ఓకరింతనీ పైకి రానివ్వలేదు. ఆమెకు అసహ్యం లేక కాదు. ముప్పై ఎనిమిదేళ్లది మొత్తం లోపలే ఉంది, మడత పెట్టి, ఇస్త్రీ చేసి.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. ఎత్తే ముందు ఒక ఫొటో. కొడుకు విప్పిన మేజోడు లోపలి వైపు బయటికి తిరిగి, పామొదిలిన కుబుసంలా సోఫా చేతి మీద ఉంటుంది. స్నానాలగది జాలీలో అందరి వెంట్రుకలూ కలిసి ఒక కాపురం చేస్తుంటాయి. ఆయన గడ్డం గీసుకున్నాక తెల్లటి సింకు నిండా నల్లటి చుక్కలు, వాటి మీద సబ్బు నురుగు. గ్లాసు అడుగున టీలో కరిగి ఉబ్బిన బిస్కెట్టు. బల్లకు అడుగున అంటించిన, పళ్ల గుర్తులున్న బబుల్‌గమ్, అదీ నలభై దగ్గరపడ్డ కొడుకుది. చెవిలో తిప్పి, చదువుతున్న పుస్తకంలో గుర్తుగా పెట్టిన దూదిపుల్ల. ఇంకొన్ని చోట్ల ఫొటో తీయడానికి ఆమెకే మనసొప్పలేదు. అక్కడ ఫ్లాష్ కాదు, ఫ్లష్ కావాలి.

చిత్రమేమిటంటే దగ్గరికెళ్లి చూస్తే అవి అందంగా ఉండేవి. ఎక్స్‌రే కూడా అంతే. విరిగిన ఎముక నల్లటి ఫిల్ము మీద తెల్లగా, పువ్వు కాడలా, ఎంత బాగుంటుందో చెబితే ఎవరూ నమ్మరు.

ఎవరికీ చెప్పే అధికారమూ ఆమెకు లేదు. టెక్నీషియన్ పని తీయడం వరకే. ఎడమ అయితే ఎడమ గుర్తు, కుడి అయితే కుడి గుర్తు పెట్టాలి, పేరూ తేదీ వేయాలి. ఏం కనిపించినా నోరు విప్పకూడదు. ఎలా ఉందమ్మా అని అడిగితే ఒక్కటే జవాబు: "రిపోర్టు డాక్టరుగారు చెబుతారు." ఈ వాక్యం ఆమె ఎన్ని వేలసార్లు అన్నదో లెక్కలేదు. ఒక్కసారి మాత్రం మరుపు రాదు. ఒకావిడ రెండేళ్లలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఎడమ ముంజేయే, చిటికెనవేలి వైపు ఎముకే. పడిపోతే ఆ ఎముక ఒక్కటే అలా విరగదు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడే విరుగుతుంది. మూడుసార్లూ బాత్రూములో జారిపడ్డానంది. మూడోసారి బట్టలు సర్దుకుంటూ, వెళ్లకుండా నిలబడి, "మీకు కనిపించిందా అక్కా?" అని అడిగింది. ఎక్స్‌రే అమ్మ నోటికి అలవాటైన జవాబే వచ్చింది. డాక్టరుగారు రిపోర్టులో ఎముక పేరు రాశారు. ఎవరి చేతి దెబ్బో రాయలేదు. ఆవిడ నాలుగోసారి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకునే ధైర్యం ఈమెకు లేకపోయింది.

ప్రదర్శన ఆదివారం. ఆయన బంధువులందరికీ ముందే చెప్పేశాడు. మా పిడుగు ఫొటోలు పన్నెండు పెడుతున్నారు, పదకొండింటికి అందరం వెళ్తున్నాం అని. ఆమె ఔననలేదు, కాదనలేదు. అడిగితే కదా అనడానికి.

శుక్రవారం సాయంత్రం ఆమె వంటింట్లో పాలసీసా కడుగుతుంటే కొడుకు కెమెరాలోంచి కార్డు తీసుకుని టీవీకి పెట్టాడు. పన్నెండూ తామే ఎంచి పెడదామని. అడగలేదు, అమ్మ కెమెరాయేగా. ముందు గదిలోంచి ఆయన గొంతు వచ్చింది, ఎన్నడూ లేనంత మెచ్చుకోలుగా. "అబ్బ, ఏం తీసిందిరా మీ అమ్మ. చంద్రుణ్ణి చూడు."

ఆమె నురుగు చేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. గోడంత టీవీలో చీకటి నేల మీద నెలవంక వెలుగుతోంది. అమావాస్య వెళ్లిన రెండో రోజుది, వంపు చూస్తే తెలిసిపోతుంది అని ఆయన కొడుక్కి వివరిస్తున్నాడు. తర్వాత జాలీలో వెంట్రుకలు వచ్చాయి. నది నాన్నా, సముద్రంలో కలిసేచోట పాయలు పాయలుగా చీలుతుంది చూడు అన్నాడు కొడుకు, పైనుంచి డ్రోనుతో తీసినట్టుంది అని కూడా అన్నాడు. సింకులో గడ్డం చుక్కల్ని కోడలు మంచు మీద చీమల బారనుకుంది. బబుల్‌గమ్ దగ్గర ఇది ఏ కొండ అని కాసేపు వాదించుకున్నారు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. తన పని వాళ్లు ఇంత శ్రద్ధగా చూడటం ముప్పై ఎనిమిదేళ్లలో ఇదే మొదలు. లోపల ఎక్కడో సంతోషం లాంటిది కదిలింది. అది కదిలినందుకు వెంటనే తన మీద తనకే రోత పుట్టింది.

కోడలి ఒళ్లోంచి పిడుగు జారింది. టీవీ దాకా నడిచి, నెలవంకకి తిప్పమని తండ్రిని సతాయించి, దాని మీద వేలు పెట్టింది. తర్వాత తాత దగ్గరికొచ్చి నేల మీద చతికిలబడి, ఆయన ఎడమకాలు రెండు చేతులతో ఎత్తి, బొటనవేలు పట్టుకుని అందరికీ చూపించింది.

"తాత గోరు."

ప్రతి క్లిక్కు దగ్గరా బుగ్గలు పొంగించి నిలబడ్డ సాక్షి అది. తండ్రి చేతిలో రిమోటు తగిలి బొమ్మలు ముందుకి కదిలాయి, పిల్ల వరసగా చెప్పుకుంటూ పోయింది. స్నానం జుట్టు. తాత గడ్డం. నాన్న మేజోడు. నాన్న ఉమ్మిన బబుల్. ఆఖరిది ఒక కప్పు, అంచు మీద లిప్‌స్టిక్ మరక, సగం టీ మీద చల్లారి కట్టిన మీగడ. అమ్మ టీ, అంది పిడుగు. ముప్పై ఒక్క ఏళ్లలో అంత స్పష్టమైన రిపోర్టు ఏ డాక్టరూ ఇవ్వగా ఎక్స్‌రే అమ్మ వినలేదు.

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. కొడుకు ఛీ అన్నాడు, రిమోటుని కూడా అనుమానంగా చూసి కింద పెట్టాడు. ఆయన మొహం, చంద్రుణ్ణి పొగిడిన మొహమే, ఇప్పుడు కుళ్లిన వాసన చూసినట్టయింది.

"ఎవరైనా ఇలాంటివి తీస్తారా? నీకు అసహ్యం లేదూ?"

ఆమె చేతుల మీద నురుగు ఆరిపోయి చర్మం బిగుసుకుంటోంది. పెళ్లయ్యాక తనని ఎవరూ ఈ మాట అడగలేదు.

"ఉంది," అంది. "మొదట్నుంచీ ఉంది. మీరే ఇవాళ్టికి అడిగారు."

తర్వాత మాటలు చాలా అయ్యాయి. మనకో పరువుంది కదమ్మా అన్నాడు కొడుకు. ఆ పరువు కూడా సోఫా కిందెక్కడో పడేసి ఉంటాడు, ఊడుస్తుంటే దొరక్కపోదు అనుకుంది ఆమె. బంధువులొస్తున్నారు, పిల్ల ఫొటోలు పెట్టెయ్ అన్నాడాయన. అవి పెట్టను అంది. బతిమాలారు, విసుక్కున్నారు. చివరికి ఆయన, జీవితమంతా తూకాలు సరిచేసిన మనిషి, ఒక మధ్యేమార్గం తూచి ఇచ్చాడు.

"సరే, అవే పెట్టుకో. ఫొటోలు బాగున్నాయని మేమే అన్నాంగా. కింద పేర్లు మాత్రం అందంగా రాయి. ఇది నెలవంక, ఇది నది, ఇది మంచు. ఏది ఎవరిదో నువ్వు చెప్పడమెందుకు? చూసేవాళ్లు ఏమనుకుంటే అదే."

కొడుకు వెంటనే, అదే బెస్టమ్మా, ఎవరికీ నష్టం లేదు అన్నాడు. ఆమె తల ఊపబోయింది కూడా. మెడకి అంత అలవాటు. అప్పుడు విరిగిన ముంజేతితో, వెళ్లకుండా నిలబడ్డ ఆవిడ గుర్తొచ్చింది. తీయి, చూడు, చెప్పకు. ఉద్యోగం మారినా నిబంధన మారలేదు. అదీగాక అక్కడ కనీసం జీతమిచ్చి నోరు మూయించేవాళ్లు.

ఆమె తల ఊపలేదు. పాలసీసా మూత కడగాలని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి కోడలు వచ్చి స్టవ్ దగ్గర నిలబడింది. "నా కప్పు కూడా పెడుతున్నారా అత్తయ్యా?" అని అడిగింది. నీకిష్టం లేకపోతే తీసేస్తానంది ఆమె. నీది వాళ్లవాటి పక్కన పెట్టొచ్చో లేదో తెలియక ఆలోచిస్తున్నానని కూడా చెప్పింది. పదకొండూ వదిలేసినవి, ఇది ఇంటి హడావుడి తాగనివ్వనిది. కోడలు ఆ మాట వింటూ, కడిగిన మూత తీసుకుని తుడిచింది, అప్పటికే పొడిగా ఉన్నదాన్ని ఇంకోసారి తుడిచింది.

"పెట్టండి. కింద మీరేం రాస్తారో నాకు చదవాలనుంది."

ఆదివారం ఎనిమిదిన్నరకి ఎక్స్‌రే అమ్మ పన్నెండు ఫొటోలు సంచీలో పెట్టుకుంది. అంతకుముందే ఆయన పాత ఆఫీసు కొలత టేపుతో టీపాయ్ నుంచి చెత్తబుట్ట దాకా కొలిచి చూసుకుంది. కోడలు అంటించే టేపూ కత్తెరా పట్టుకుని తనూ చెప్పులేసుకుంది. మరి పిల్లో అన్నాడాయన, పేపరు దించి. మీరున్నారుగా అంది ఆమె. కొడుకు ఇంకా లేవలేదు. నా ఒక్కడివల్ల కాదే అని ఆయన అంటుండగానే తలుపు మూసుకుంది, మెల్లగానే, పిల్ల ఉలిక్కిపడకుండా.

గ్రంథాలయం మేడ మీద గోడలు తెల్లగా సున్నం వాసనేస్తున్నాయి. కార్యదర్శి ఆమెకు కిటికీ పక్క గోడ ఇచ్చింది. కోడలు ఫొటోలు వరసగా తగిలిస్తుంటే ఆమె బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాసింది. ఎక్స్‌రే కవరు మీద రాసే పద్ధతిలోనే. పేరు: భర్త. వైపు: ఎడమ. భాగం: కాలి బొటనవేలి గోరు. దొరికిన చోటు: టీపాయ్ కింద. చెత్తబుట్టకి దూరం: నాలుగడుగుల రెండంగుళాలు, ఇన్‌స్పెక్టరుగారి టేపుతోనే కొలిచింది. ఎత్తినది: నేను. ఇన్నాళ్లూ ఆమె ఏ కాగితం మీదైనా ఇక్కడితో ఆగిపోయేది. ఇవాళ కింద ఇంకో గీత గీసి, అభిప్రాయం అని రాసింది. దీర్ఘకాలికం, అని రాసింది. మార్పు కనబడలేదు. నాకు అసహ్యంగా ఉంది. ఆ చివరి మాట రాసేటప్పుడు గొంతులో ఏదో ఎప్పట్నుంచో అడ్డంగా ఉన్నది పక్కకి తప్పుకున్నట్టయింది. కింద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి సంతకం చేసింది. రిపోర్టు కింద ఆమె చేసిన మొదటి సంతకం.

కోడలి కప్పు చీటీ ఆఖర్న రాసింది. అభిప్రాయం దగ్గర, వదిలేసింది కాదు, వదిలించినది, అని రాసి ఇచ్చింది. కోడలు దాన్ని గోడకి అంటించి, అక్కర్లేకపోయినా బొటనవేలితో నాలుగు మూలలా చాలాసేపు నొక్కింది.

అప్పుడు ఫోను మోగింది. ఆయన. వెనక పిడుగు ఏడుపు, ముక్కు మూసుకున్న గొంతు. "ఏమోయ్, ఎక్కడున్నావ్? పిల్ల ఏదో చేసింది. అంతా కారుతోంది. వాడేమో బాత్రూములో దూరి తలుపేసుకున్నాడు. నేనేం చేయాలిప్పుడు?"

గోడ మీద నెలవంక దగ్గర ఎవరో అప్పుడే ఆగారు, చీటీ చదవడానికి కళ్లజోడు సర్దుకుంటున్నారు. ఆమె వాళ్లనే చూస్తూ, ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రిలో వాడిన గొంతుతో, నింపాదిగా చెప్పింది.

"డైపర్లు బీరువాలో కింది అరలో ఉన్నాయి. గోరువెచ్చటి నీళ్లతో కడగండి. కదలకండి, ఊపిరి తీసుకోండి, బిగబట్టండి."

ఆయన నిజంగానే బిగబట్టినట్టున్నాడు, అవతల చప్పుడు లేదు. ఆమె వదలండి అనకుండానే ఫోను పెట్టేసింది.